ఆమీన్, నీకు గూడ గంతే

శుక్రవారం ఖుత్బా ప్రసంగం చెప్పే ఖతీబు మింబరు మెట్టు మీద కూర్చున్నాడు. రెండో అజాన్ మొదలైంది. ఇక మాట్లాడకూడదు. జానిమియా వచ్చి అన్న పక్కన కూర్చుని నిమిషం కాలేదు. పన్నెండున్నరకల్లా నిజామాబాద్ చేరి, మసీదు నిండకముందే అన్నను గోడవారకు తీసుకుపోయి చెప్పాల్సింది చెప్పేయాలని బోధన్‌లో పదకొండున్నర బస్సు ఎక్కాడు. ఎడపల్లి దాటగానే బస్సుకు చెరుకు ట్రాక్టరు అడ్డం తగిలింది. రెండు ట్రాలీలు, రెంటికీ పక్కల నుంచి గడలు వేలాడుతున్నాయి, డ్రైవరు ఎంత హారన్ కొట్టినా దారి రాలేదు. జానకంపేట దగ్గర రైలు గేటు పడింది. ఇంజను ఒక్కటే, డబ్బాలు లేకుండా, మెల్లగా పోయింది. బస్సు దిగి, ఆటో పట్టుకుని, కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని లోపలికి వచ్చేసరికి ఒంటిగంటా పది. ఖుత్బా నడుస్తున్నప్పుడు పక్కవాడిని 'ఊకో' అనడం కూడా తప్పేనని చిన్నప్పుడు మసీదులో చదువు నేర్పిన హజ్రత్ చెప్పాడు. అంటే ఇంకో అరగంట ఖుత్బా, ఆ తర్వాత రెండు రకాతుల నమాజు. ఇరవై మూడేళ్ళు ఆగిన మాట ఇంకో ముప్పావుగంట ఆగలేదా అనుకున్నాడు. ఆగుతుంది. ఆగడం దానికి అలవాటే.

అన్న మదార్ అతన్ని చూసి తల ఊపి, మోకాలు జరిపి చోటిచ్చాడు. ఎందుకొచ్చావని కళ్ళతోనైనా అడగలేదు. బోధన్‌లో ఉండే తమ్ముడు శుక్రవారం పూట తన మసీదు వదిలి ఇక్కడికి ఎందుకు వస్తాడు? ఇరవై మూడేళ్ళలో ఒక్కసారి రాలేదు. మదార్ మెడకు తెల్ల గుడ్డ కట్టుకున్నాడు, పసిపిల్లలకు చొంగ కారకుండా కట్టినట్టు. దాని కింద రంధ్రం ఉంది. ఊపిరి ఇప్పుడు అక్కణ్ణించే. లోపలికి పీల్చినప్పుడు గుడ్డ మెడకు అతుక్కుంటోంది, వదిలినప్పుడు లేస్తోంది. మోకాలి పక్కన మనవరాలి పలక ఉంది, ప్లాస్టిక్‌ది, అంచు మీద ఎలుగుబంటి బొమ్మ. పుల్లతో రాసి కింద గుండీ నొక్కితే రాసిందంతా పోతుంది. ఆపరేషన్ అయిన ఎనిమిది నెలల నుంచి అన్న మాటలన్నీ దాని మీదే అని వదిన ఫోనులో చెప్పింది.

ఖతీబు లేచాడు. అల్లాను స్తుతించాడు, ఉర్దూలో మొదలుపెట్టాడు, నాలుగు వాక్యాలకు ఒకసారి తెలుగులో చెబుతున్నాడు. పొరుగువాళ్ళ హక్కుల గురించి. ఇక్కడ ఖుత్బా తెలుగులో కూడా చెబుతారని జానిమియాకు తెలియదు. తెలిసి ఉంటే ఏమయ్యేది? బాపు ఉంటే సంతోషపడేవాడు. బాపు బతికినంత కాలం అర్థం కాని ఖుత్బా కింద తల వంచుకుని కూర్చున్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది, మదార్ మెడమీది గుడ్డ లేస్తోంది, పడుతోంది. ఫుస్ మని ఒక చప్పుడు, ఏకిన దూదిని అరచేత్తో ఒత్తితే వచ్చేలాంటిది. బాపు నోటికీ గుడ్డే ఉండేది.

బాపు హుస్సేన్ సాబ్ దూదేకేవాడు. వర్ని, మోస్రా దాకా ఊళ్ళు తిరిగి, ఎవరింటి అరుగు మీదో విల్లు వేలాడదీసి, దూది ఏకి బొంతలు, పరుపులు కుట్టేవాడు. ఏకేటప్పుడు నోటికీ ముక్కుకూ గుడ్డ కట్టుకునేవాడు, వెంట తీసుకుపోయిన ఇద్దరు కొడుకులకూ కట్టేవాడు. దూది నూగు గొంతులోకి పోతే దగ్గు వదలదు. అందుకని పని నడిచినంత సేపూ ముగ్గురికీ మాట లేదు. బాపు గడ్డం ఎత్తితే నీళ్ళు తెమ్మని. మోకాలు తడితే సూది. అన్న కనుబొమలు రెండూ లేపితే ఇంటివాళ్ళ పెరట్లో జామకాయలున్నాయని. పొద్దంతా ఆ సైగలతోనే మాట్లాడుకునేవాళ్ళు, గుడ్డల కింద నవ్వుకునేవాళ్ళు. విప్పాక మాట్లాడేది తెలుగే. దూదేకులవాళ్ళ ఇళ్ళలో తెలుగే ఉంటుంది. "ఉర్దూ రాదు, మీరేం ముసల్మాన్లయ్యా" అని మసీదులో నవ్వేవాళ్ళు. శుక్రవారం పని మధ్యలోంచి వచ్చేవాళ్ళు కాబట్టి ముగ్గురి తలల మీదా దూది ఉండేది. "తాతలొచ్చిండ్రు, జరుగుండ్రి, జాగ ఇయ్యుండ్రి" అని పిల్లలు అరిచేవాళ్ళు. అన్న వంగి నడుస్తూ తాతలా దగ్గేవాడు. వాళ్ళను వాళ్ళ నవ్వుతోనే నోరు మూయించేవాడు. నోరు మూయించడం.

మళ్ళీ అక్కడికే వచ్చింది. ఎటు పోయినా అక్కడికే వస్తోంది. జానిమియా ఖతీబు ముఖం మీద చూపు పెట్టాడు.

హజ్రత్ పిల్లలకు సాయంత్రం అసర్ నమాజు తర్వాత చదువు చెప్పేవాడు. ఈ ఇద్దరి కోసం తెలుగులో చెప్పేవాడు. ఒకరోజు, ఆమీన్ అంటే ఏందిరా అని అడిగాడు. నమాజుల అనేది, అన్నాడు జానిమియా. "అదెరుకే. అంటే ఏంది?" ఎవరికీ తెలియదు. "ఫాతిహా చదువుతవ్. సీదా తొవ్వ చూపియ్యమని అల్లాను అడుగుతవ్. అదొక దరఖాస్తు. కింద ముద్ర లేకుంటే కచేరిల తీసుకుంటరా? ఆమీన్ గా ముద్ర. కబూల్ చెయ్యి అని." ఆ మాట ఖురాన్‌లోని మొదటి అధ్యాయం ఫాతిహాలో రాసి ఉండదని, మనిషి తన తరఫున చివర కలుపుకునేదని కూడా చెప్పాడు. ఇమాం ఆమీన్‌తో పాటు దేవదూతలైన ఫరిష్తాలూ అంటారని, ఎవరి ఆమీన్ వాళ్ళ ఆమీన్‌తో కలిస్తే వాడి వెనకటి పాపాలు పోతాయని. మదార్ చెయ్యెత్తాడు. "హజ్రత్, మరి ముద్ర గట్టిగ గుద్దాల్నా, మెల్లగనా?" అందరూ నవ్వారు. హజ్రత్ కూడా నవ్వాడు. "కాయితం చినగకుంటే సాలు తియ్యి."

చినిగింది. హజ్రత్ చనిపోయిన పదేళ్ళకు చినిగింది. ఆయన చెప్పినవాటిలో ఇంకో రెండున్నాయి. అప్పుడు జామకాయలంత విలువ కూడా లేదు వాటికి, బయట ఎండ దిగుతోంది, ఆడుకోవడానికి ఎప్పుడు వదులుతాడా అని. "మూసా పైగంబర్ దుఆ చేసిండు. తోడబుట్టిన హారూన్ పక్కన నిలబడి ఆమీన్ అన్నడు, గంతే. అల్లా ఏమన్నడు? మీ ఇద్దరి దుఆ కబూలైంది అన్నడు. అడిగింది ఒక్కడు, పేరు ఇద్దరిది. అందుకే బేటా, ఆమీన్ అనేముందు ఏమడుగుతుండ్రో ఇను." రెండోది ఇంకా చిన్నది. "నీ కండ్ల ముందట లేని అన్నకో తమ్మునికో నువ్వు మంచి కోరుతవనుకో. ఫరిష్తా నీ తలకాడ నిలబడి, ఆమీన్, నీకు గూడ గంతే, అంటడు." అప్పుడు మదార్ చెవి దగ్గరికి వంగి, "అన్నకు సైకిల్ రావాలని కోరు తమ్మి, నీకు గూడొస్తది" అన్నాడు. జానిమియా కోరాడు. ఎవరికీ రాలేదు. చాలా ఏళ్ళకు, నలభై దాటాక, ఖురాన్‌కు తెలుగు తర్జుమా కొనుక్కుని చదివితే తెలిసింది, మూసా చేసిన ఆ దుఆ శాపమని. ఫిరౌను రాజు మీద. అది హజ్రత్ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదేమో.

ఖతీబు మధ్యలో ఆగి కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. సగం అయిపోయింది. వెనకాల ఎవరో దగ్గారు. జానిమియా చెయ్యి తెలియకుండానే గొంతు మీదికి పోయింది. తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

మదార్ తొంభైలో సౌదీలోని దమ్మామ్ పోయి సోఫాలు కుట్టే కార్ఖానాలో పదకొండేళ్ళు చేశాడు. తిరిగొచ్చిన రోజు సాయంత్రం మగ్రిబ్‌కు అన్నదమ్ములు కలిసి మసీదుకు పోయారు. ఇమాం ఫాతిహా చివరి మాట 'వలద్దాల్లీన్' అని ఆపాడు. అక్కడ ఎప్పుడూ ఉండేది ఒక్క ఊపిరంత నిశ్శబ్దం, యాభై మంది పెదవులు మాత్రమే కదిలేంత. ఆ నిశ్శబ్దంలో మదార్ ఒక్కడే ఆమీన్ అన్నాడు, గట్టిగా, చివర సాగదీసి. ముందు వరుసలో ఒకాయన మెడ బిగుసుకుంది. వెనక ఎవడో పిల్లవాడు కిసుక్కుమన్నాడు. జానిమియా చెవులు కాలిపోయాయి. బయటికొచ్చాక, "ఏందన్నా, గట్ల ఒర్రినవ్" అన్నాడు. మదార్ ఆశ్చర్యపోయాడు. "ఒర్రిన్నా? అక్కడ గంతే అంటరు. మూడు వేల మంది ఒక్కపారి అంటరు తమ్మి, కాళ్ళ కింద నేల అదురుతది. ఇండ్లకు దూరమున్నోళ్ళం, ఆ ఒక్క మాట కాడ అందరం ఒక్కింటోళ్ళ లెక్క అయితుంటిమి. ఈడ మనది మనకే ఇనబడదు."

ఇద్దరి దగ్గరా ఆధారాలున్నాయి. పైగంబర్ గట్టిగా అన్నారని అన్న తెచ్చిన పుస్తకంలో ఉంది. అది దుఆ కాబట్టి మెల్లగా అనాలని, అల్లాను వినయంగా, గుట్టుగా అడగమని ఖురాన్‌లోనే ఉందని ఇమాం సాబ్ చెప్పాడు. ఇద్దరూ చదువుకున్న మాటే చెప్పారు. రెండూ నిజమేనని, తాతల నాటి నుంచి చదువుకున్న పెద్ద పెద్ద ఆలింలు రెండు రకాలుగానూ అంటూ వచ్చారని జానిమియాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు కావలసింది నిజం కాదు. పగటి పూట జొహర్, అసర్ నమాజులు పైకి వినబడకుండా చదివేవి కాబట్టి అప్పుడు గొడవ లేదు. "మదార్ సాబ్ పొద్దుగూకేదాంక మనోడే" అని హోటల్లో చాయ తాగుతూ నవ్వుకునేవాళ్ళు. పొద్దుగూకాక మగ్రిబ్‌లో, ఇషాలో, తెల్లారి ఫజర్‌లో ఆ ఒక్క గొంతు. జానిమియా అన్న ఉన్న వరుసలో నిలబడడం మానేశాడు. మొదట ఒక వరుస వెనక్కి, తర్వాత రెండు.

ఆ నెలల్లోనే అజాన్ ఇచ్చే మౌజన్‌కు పక్షవాతం వచ్చింది. అజాన్ ఎవరివ్వాలన్నప్పుడు మసీదు కమిటీ పెద్ద సదర్ సాబ్ జానిమియా వైపు చూశాడు. గొంతుంది, అన్నాడు. దూదేకులవాళ్ళలో ఆ మసీదులో మైకు ముందు నిలబడ్డ మొదటివాడు జానిమియా. మొదటి రోజు అవ్వ గడపలో నిలబడి విన్నది. "ఫ్యాక్టరి సైరన్ ఇనబడ్డ కాడికల్లా నా కొడుకు గొంతు పోయింది" అని వాడకట్టంతా చెప్పింది. ఆ సైరన్ మోగక పదేళ్ళు దాటింది, చక్కెర ఫ్యాక్టరీ మూతబడింది, చెరుకు ఇంకెక్కడికో పోతోంది. జానిమియా అజాన్ మాత్రం ఇంకా వినబడుతూనే ఉంది. ఇవ్వాళ తెల్లవారుజామున కూడా ఇచ్చాడు. సదర్ సాబ్ ఒకరోజు భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, ఉర్దూలో, మీ అన్నకు నువ్వే నచ్చజెప్పు, లేకపోతే రేపు నీ అజాన్ గురించి కూడా జనం అడుగుతారు, అన్నాడు. ఆ ఉర్దూ మాత్రం ప్రతి మాటా అర్థమైంది.

మీటింగు ఒక శుక్రవారం అసర్ తర్వాత. ఇరవై మంది ఉంటారు. మదార్‌ను మధ్యలో కూర్చోబెట్టారు. "నేనెవ్వల్నీ అనమంటలేను. నా ఆమీన్ నేననుకుంట" అన్నాడు మదార్. "నమాజుల మా దిల్ చెదురుతుంది" అన్నాడొకడు. "ఆమీన్‌కు చెదిరే దిల్ ముందే ఏడనో తిరుగుతుందన్నట్టు" అన్నాడు మదార్. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇద్దరు లేచారు, కూర్చోబెట్టారు. మసీదు నీ ఇల్లు కాదు, మెల్లగా అంటే ఉండు, లేకుంటే నీ దారి నువ్వు చూసుకో, అన్నాడు సదర్. మదార్ తమ్ముడి వైపు చూశాడు. కనుబొమలు రెండూ లేపాడు. ఏదో ఒకటి అనరా అని. జానిమియా కింద పరిచిన జానమాజు కుచ్చులు లెక్కపెడుతున్నాడు. మదార్ లేచి బయటికి పోయాడు.

అప్పుడు సదర్ సాబ్ చేతులెత్తాడు. యా అల్లా, మా మసీదును కాపాడు, అన్నాడు. అందరూ నోట్లోనే ఆమీన్ అనుకున్నారు. మా మధ్య మొహబ్బత్ ఉంచు. ఆమీన్. మా ఇంట్లో తగవు, ఫిత్నా లేపే నోళ్ళను మూయించు. దాని దగ్గర పెదవులు ఆగాయి. ఇరవై మందీ ఆగారు, ఒక ఊపిరంత సేపు, ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సదర్ చూపు జానిమియా మీద ఉంది. జానిమియా ఆమీన్ అన్నాడు. అజాన్ ఇచ్చే గొంతుతో. గోడకు తగిలి వెనక్కి వచ్చింది. మెల్లగా అనాలని అన్నను వెళ్ళగొట్టినచోట, గట్టిగా అన్న ఆమీన్ అదొక్కటే. ఎవరూ నవ్వలేదు. అది తప్పని ఎవరూ అనలేదు.

ఆ హాల్లోంచి మెట్ల దాకా ముప్పై అడుగులు. అది చాలాసార్లు నడిచి చూశాడు. చెప్పులు తొడుక్కోవడానికి ఎంత సేపు? మదార్‌వి పట్టీల చెప్పులు, దమ్మామ్‌వి, వంగి పెట్టుకోవాలి. వంగి పెట్టుకుంటే అరనిమిషం. సదర్ మొదటి రెండు దుఆలకు అరనిమిషం. అప్పటికి గేటు దాటి ఉంటే వినలేదు. మెట్ల దగ్గరే ఉంటే విన్నాడు. ఇరవై మూడేళ్ళు ఈ అరనిమిషాన్ని అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాడు. రెండు నెలలకు మదార్ సామాను లారీకెత్తి నిజామాబాద్ వచ్చి ఖిల్లా రోడ్డులో పరుపుల దుకాణం పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళకు కలిశారు. తిన్నారా అంటే తిన్నాం. అవ్వ పోయినప్పుడు జనాజా నమాజులో పక్కపక్కన నిలబడ్డారు. అందులో గట్టిగా అనే ఆమీన్ లేదు, ఎవడు ఏ మసీదువాడో ఎవరికీ తెలియలేదు. మట్టి వేశాక చేతులు దులుపుకుని ఎవరి బస్సు వాళ్ళెక్కారు. అప్పుడు అడగాల్సింది. ఆ రోజు అడిగితే అన్నకు గొంతుంది, తిట్టేవాడు.

వదిన ఫోను చేసింది నిరుడు వానాకాలం. గొంతులో గడ్డ అన్నారు, హైదరాబాద్‌లో తీసేయాలన్నారు. "మాట పెట్టె మొత్తం తీస్తరంట జానీ. ఇగ మాట రాదంట." జానిమియా దుకాణంలో దూది మిషను ఆపేశాడు. నోళ్ళను మూయించు. ఆమీన్. ఇరవై రెండేళ్ళు పట్టింది, దరఖాస్తు ఎక్కడెక్కడ తిరిగిందో, చివరికి మంజూరై వచ్చింది. కింద ముద్ర అతనిదే. ముప్పై ఏళ్ళ బీడీల వల్ల అన్నాడు డాక్టరు. "చెప్పిన, ఇన్నడా?" అని వదిన ఆసుపత్రి వరండాలో తల కొట్టుకుంది. "బీడీల కార్ఖానకు ఇయ్యంగ మిగిలినయి నేనే ఇస్తుంటి. నా చేతులతోని చుట్టి ఇచ్చిన." వదినా నీ బీడీలు కాదు అని చెప్పబోయాడు. చెబితే ఎందుకు కాదో చెప్పాలి. వార్డులో అన్న నిద్రపోతున్నాడు, ముక్కులో గొట్టం, మెడలో గొట్టం. కాళ్ళ దగ్గర కాసేపు నిలబడి, దుప్పటి సర్ది వచ్చేశాడు.

ఆ తర్వాత తన గొంతు కోసం చూశాడు. నీకు గూడ గంతే. మంచి కోరితే అలా అంటాడు ఫరిష్తా, చెడు కోరితే ఏమంటాడో హజ్రత్ చెప్పలేదు. రోజూ ఫజర్ అజాన్ అయ్యాక మెడ తడిమి చూసుకునేవాడు. అన్న తాగిన బీడీలే తనూ తాగాడు, అదే దూది నూగు మింగాడు. చలికాలంలో పది రోజులు దగ్గు వదలలేదు. నిజామాబాద్ వచ్చి చూపించుకున్నాడు. ముక్కులోంచి గొట్టం పంపి చూశాడు డాక్టరు. "ఏం లేదు, చల్లటివి తాగకు" అన్నాడు. బయట బెంచీ మీద కూర్చుండిపోయాడు. అక్కడికి అన్న ఇల్లు ఆటోలో పది నిమిషాలు. పోలేదు. ఏమీ లేదన్న గొంతు పట్టుకుని ఏ ముఖంతో పోవాలి?

అతని దుకాణం పక్కన దేవదాస్ పంక్చర్లు వేస్తాడు. ఆదివారం చర్చికి పోయి పదకొండింటికి షటర్ తీస్తాడు. మొన్న ఆదివారం జానిమియా అతన్ని అడిగాడు. "దేవదాసన్నా, మీ చర్చిల ఆమెన్ గట్టిగ అంటరా?" "గట్టిగనే. పాస్టరుగారు ప్రార్థన లంబ జేసిండనుకో, ఇంకింత గట్టిగ. ఇగ సాలని యాది జేస్తందుకు." ఇద్దరూ నవ్వారు. జానిమియా నవ్వు ముందు ఆగింది. "అన్నంక వాపస్ తీసుకోవచ్చునా?" దేవదాస్ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పుతున్నాడు, బుడగలు ఎక్కడ లేస్తాయా అని. లేచిన చోట వేలు పెట్టాడు. "దేవునితోని ఏం వాపస్ తీస్కుంటవ్. ఎవల మీద అన్నవో ఆళ్ళ దగ్గరికి పో." గరుకు కాగితం తీసుకుని ట్యూబు రుద్దడం మొదలుపెట్టాడు. ఆ మాటకే ఇవ్వాళ బస్సెక్కాడు. బస్సులో మాటలు కూడబెట్టుకున్నాడు. అన్నా, గా దినం నువ్వు పోయినంక. అన్నా, నువ్వు ఇన్నవో లేదో. ట్రాక్టరు వెనక అరగంటసేపు ఆ రెండు ముక్కల దగ్గరే ఉన్నాడు.

అందరూ లేస్తున్నారు. ఖుత్బా అయిపోయింది, ఎప్పుడైందో తెలియలేదు. పొరుగువాళ్ళ హక్కులు ఎన్నని చెప్పాడో తెలియలేదు. నమాజుకు నిలబడమనే ఇఖామత్ చెబుతున్నారు. మదార్ నేలకు చెయ్యి ఆనించి లేచాడు. జానిమియా తన మసీదు అలవాటు ప్రకారం నాలుగు వేళ్ళ ఎడం వదిలి నిలబడ్డాడు. ఇక్కడ ఎడం వదలరు. మదార్ కుడిపాదం జరిగి జరిగి వచ్చి తమ్ముడి ఎడమపాదానికి ఆనింది. చిటికెన వేలుకు చిటికెన వేలు. చల్లగా ఉంది. పరుపు కుట్టేటప్పుడు అంచు జరక్కుండా ఇద్దరూ చెరో పాదంతో తొక్కిపట్టేవాళ్ళు, అలా. జానిమియా పాదం తీయలేదు.

అప్పుడనుకున్నాడు, అన్నకు గొంతు లేదు, తనకుంది. అన్న తరఫున తను అంటాడు. ఈ గొంతు అందుకే మిగిలి ఉంటుంది. అడగడం తర్వాత, ముందు ఇది. చేతులు కట్టుకున్నాడు, అన్న గుండె మీద, తను బొడ్డు కింద. ఇమాం ఫాతిహా ఎత్తుకున్నాడు. ఆయన ఒక్కో వాక్యం దగ్గర ఆగుతున్నాడు. సీదా తొవ్వ చూపియ్యి. జానిమియా గొంతు సవరించుకోకుండా ఆపుకున్నాడు. వలద్దాల్లీన్. మసీదంతా ఒక్కసారిగా ఆమీన్ అంది. అరికాళ్ళకు తగిలింది, మదార్ దమ్మామ్ గురించి చెప్పింది ఇదే. పక్కన మదార్ నోరు తెరుచుకుంది, మెడ గుడ్డ గాలిపటంలా ముందుకు లేచింది, ఫుస్ మని గాలి. జానిమియా పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. యాభై ఏళ్ళుగా అక్కడ శబ్దం లేదు, నోరు దాని దారినే అది పోయింది. అయిపోయింది. ఆ వరుసలో వినబడని ఆమీన్‌లు రెండు, ఒకడికి గొంతు లేక, ఇంకొకడికి ఉండి. నడుం వంచిన రుకూలో, సజ్దాలో అదే ఆలోచన. నేలకు నుదురు ఆనించి, అల్లాను కొనియాడే తస్బీహ్ చెప్పాల్సిన చోట, ఇంకోటుంది, ఇంకో రకాతుంది అనుకున్నాడు.

రెండో రకాతులో ఫాతిహా వాక్యాలు లెక్కపెట్టాడు. ఐదోది, ఆరోది. వలద్దాల్లీన్. ఆమీన్ లేచింది, నిండింది, దిగుతోంది. ఇప్పుడు, అనుకున్నాడు. అనుకునేసరికి అందరిదీ ఆగిపోయింది. అప్పుడు వచ్చింది అతనిది. అజాన్ ఇచ్చే గొంతు, ఆగిన మసీదులో ఒక్కటే, గోడకు తగిలి వెనక్కి వచ్చింది. ముందు వరుసలో ఎవరిదో భుజం కదిలింది. వెనక పిల్లలెవరో కిసుక్కుమన్నారు. జానిమియా చెవులు కాలిపోయాయి. ఎడమపాదానికి ఆనిన పాదం అలాగే ఉంది.

నమాజు ముగించే సలాంకు ముఖాలు తిప్పారు. కుడివైపు, తర్వాత ఎడమవైపు. ఎడమవైపు తిప్పినప్పుడు అన్న ముఖం ఉంది. వరుసలు విడిపోతున్నాయి, చెప్పుల దగ్గర తొక్కిసలాట మొదలైంది. జానిమియా కూర్చునే జరిగి దగ్గరికి వచ్చాడు. "అన్నా" అన్నాడు. "గా దినం మీటింగుల, నువ్వు పోయినంక." మదార్ చెయ్యి ఎత్తి ఆపాడు. పలక తీసుకున్నాడు. మెల్లగా రాశాడు, అన్న అక్షరాలు ఎప్పుడూ పెద్దవి, పలక నిండిపోయింది. తిప్పి చూపించాడు.

'గా దినం గూడ గిట్లనే. అందరు ఆగినంక నీదొక్కటే ఇనబడ్డది.'

జానిమియా రెండుసార్లు చదివాడు. అరనిమిషం, చెప్పుల పట్టీలు, ముప్పై అడుగులు. అన్నీ అక్కడే మెట్ల మీద ఉన్నాయి, అన్నతో పాటు, మొదటి నుంచీ. పెళ్ళిళ్ళలో తిన్నారా అన్నప్పుడు ఉన్నాయి. అవ్వ మీద మట్టి వేసినప్పుడు ఉన్నాయి. "ఎరుకుండి ఎందుకడగలే" అన్నాడు. మదార్ పుల్లను పలక అంచున పెట్టాడు. "మాఫ్ చెయ్యన్నా" అన్నాడు జానిమియా. ఆ ఒక్క మాట కోసం బస్సెక్కాడు, అది ఇంత చిన్నగా ఉంటుందనుకోలేదు. మదార్ అతని ముఖం చూస్తూ బొటనవేలితో గుండీ నొక్కాడు. పలక ఖాళీ అయింది. దాన్ని పక్కన పెట్టి, రెండు చేతులూ ఎత్తి, కళ్ళు మూసుకుని దుఆలో పడ్డాడు.

పెదవులు కదులుతున్నాయి. జానిమియా వాటినే చూశాడు. చిన్నప్పుడు నోటికి గుడ్డ ఉండేది, పెదవులు చదవడం ఏనాడూ నేర్చుకోలేదు. కనుబొమలు కదిలితే తెలిసేది. గడ్డం ఎత్తితే, మోకాలు తడితే తెలిసేది. ఏదీ కదలలేదు. అన్న ఏమడుగుతున్నాడో, ఎవరి కోసమో, ఎవరి మీదో తెలియదు. తమ్ముడి పేరుందో లేదో తెలియదు. ఉంటే దాని తర్వాత ఏముందో తెలియదు. అనేముందు వినమన్నాడు హజ్రత్. వినడానికి ఊపిరి తప్ప ఏమీ లేదు.

జానిమియా చేతులెత్తాడు. మదార్ మెడ మీది గుడ్డ లేచి పడింది. ఒక మాట అయిపోయి ఉంటుంది. ఆమీన్ అన్నాడు జానిమియా. చెప్పులు వెతుక్కుంటున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. గుడ్డ మళ్ళీ లేచింది. ఆమీన్.